బావగారి పేరు

మూడో ఉరితాడు మెడలో పడ్డాక గాని ఆ ఆడగుర్రం కూలలేదు. కూలేలోపు అది తన్నిన తన్నుకు కసాయి తురాట్ పళ్లు రెండు ఊడి పచ్చికలో పడ్డాయి. అతడు నెత్తురు ఉమ్మి, దాని మెడ మీద మోకాలు వేసి కత్తి అందుకున్నాడు. కంచె అవతల కట్టేసిన దాని పిల్ల గొంతు చించుకుని అరుస్తోంది.

పేగులు పట్టడానికి బేసిను తెమ్మని కలీపాకు పురమాయించారు. మర్నాడు ఆమె భర్త ఎసెన్ సంవత్సరీకపు విందు. గొర్రెలు అప్పటికే చావు విందులకు పోయాయి. ఇద్దరు పిల్లల కడుపు నింపుతున్నది ఇక ఆ గుర్రం పాలే. ఎదుటి వాలులో ఎసెన్ అన్న, ఆమె బావగారి మంద, ఇరవై గుర్రాలు, తాపీగా మేస్తోంది. అయినా పోయినవాడి ఇంటి గుర్రమే తెగాలని, లేకపోతే నమిస్ మిగలదని ఆయన తీర్పు చెప్పాడు.

మా లోయలో నమిస్ అన్నది ఒక్క మాటే. దానికి పనులు చాలా. కాలువ నీటికోసం పొరుగువాడి తల పగలగొడితే అది పౌరుషం. పారిపోయిన కూతుర్ని జుట్టు పట్టి ఈడ్చుకొస్తే పరువు. పస్తుండి అతిథికి మాంసం వడ్డిస్తే అభిమానం. అన్నిటికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. ఆడది తలెత్తినప్పుడు మాత్రం వేరే మాట వెతుక్కుంటారు: పొగరు.

నిరుడు మేక కళేబరం కోసం గుర్రాల మీద పెనుగులాడే పందెంలో ఎసెన్‌కు పక్కటెముకలు విరిగాయి. దిగబోతుంటే అన్న మైదానమంతా వినబడేలా అరిచాడు: "నమిస్ లేదట్రా నీకు?" ఎసెన్ దిగలేదు. సాయంత్రానికి అతణ్ణి కంబళిలో చుట్టి తెచ్చారు.

కలీపా ఆ మాటను ఎన్నడూ పలకలేదు. కోడలు భర్తకన్నా పెద్దవాళ్ల పేరెత్తకూడదు; ఆ పేరులో ఉన్న మాటనూ ఎత్తకూడదు. బావగారి పేరు నమిస్‌బెక్. కనుక కాపురానికి వచ్చిన నాటినుంచి ఆమె 'ముఖాన వెలుగు' అంటూ నెట్టుకొచ్చింది. "మా కలీపాకి అన్నీ ఉన్నాయే, నమిస్ ఒక్కటే లేదు!" అని తోటికోడళ్లు నవ్వేవారు.

ఆమె బేసిను కింద పెట్టి, కత్తికి అడ్డంగా గుర్రం మెడ మీద వాలిపోయింది.

"లేమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు తురాట్. "ఉన్న పళ్లన్నా దక్కనీ."

"బావగారూ, పిల్లలు బతికేది దీని పాల మీదే. మీ మందలోంచి ఒకటి ఇప్పించండి."

"నాలుగూళ్లు వస్తున్నాయి నీ మొగుడి పేరు చెప్పుకుని. ముష్టెత్తి పెట్టామనుకోవాలా?"

బావగారి కొరడా మొదటి దెబ్బకు తలగుడ్డ ఎగిరిపోయింది. రెండోది చెవినుంచి పెదవి దాకా చీరింది. పొయ్యి దగ్గరనుంచి అత్త గరిటెతో వచ్చి వీపున బాదింది.

"పొగరే నీకు! పెద్దాడి మాటకి ఎదురా? లే!"

జుట్టు పట్టి లాగింది. కలీపా వేళ్లు జూలులో బిగుసుకున్నాయి. కుదురుతో సహా ఊడివచ్చింది ఆమె జుట్టే.

నమిస్‌బెక్ నవ్వాడు. "ఆగమ్మా. ఇంటి కోడలికి ఏముండాలో దాన్నే చెప్పనీ. చెప్పవే, ఏముండాలి?"

తాళ్లు పట్టుకున్న మగవాళ్లందరూ ఘొల్లుమన్నారు. ఆమె నోట ఆ మాట రాదని అందరికీ తెలుసు.

కలీపా నోట్లోని నెత్తురు ఉమ్మింది.

"నమిస్," అంది.

నవ్వు తెగిపోయింది.

"నమిస్‌బెక్," అంది మళ్లీ. బావ అనలేదు, గారు అనలేదు. "ఆ మాటతోనే నీ తమ్ముణ్ణి చంపావు. దీన్ని చంపనివ్వను. నీ నమిస్ అదుగో, ఆ వాలులో మేస్తోంది. పోయి కోసుకో."

తురాట్ మోకాలు దానంతటదే సడలింది. అలాంటి మాట చెవిన పడితే అత్త రెండు చెవులూ మూసుకోవాలి. ఆమె చేతులు లేవలేదు. జీవితమంతా మింగిన మొగుడి పేరేదో పెదవులదాకా వచ్చి ఆగినట్టు, ముసలి నోరు తెరుచుకునే ఉంది.

కొరడా గాలిలో నిలిచి ఉంది. దాని నీడ కలీపా చేతుల మీద పడుతోంది. ఆ నీడలోనే ఆమె మొదటి ఉరి విప్పి అవతల పడేసి, రెండో ముడి వెతుక్కుంది.