బీరువా దాటిన ఎర్ర సబ్బు

నేను ఒక ఎర్ర సబ్బు బిళ్ళను. అనగానే ఏ పెళ్ళివారి విడిదిలోనో ఉండి ఉంటాననుకోకండి. నాది సర్కారు బడి కొలువు.

పెద్ద కొప్పెరలో నూనె, క్షారం, రంగు, ముక్కు అదిరే మందు వాసన కలిసి ఉడికితే నేను పుట్టాను. చల్లారాక కోశారు, నుదుట ముద్ర గుద్దారు, కాగితం చొక్కా తొడిగారు. నాలాంటి వాళ్ళందరినీ అట్టపెట్టెలో సర్ది, పైన ‘పిల్లల ఆరోగ్యం కోసం’ అని రాశారు. లారీలో వస్తున్నంతసేపూ ఆ మాట తలుచుకుని మేమంతా పొంగిపోయాం.

విజయనగరం వైపు నీలంపేట అనే పల్లెలో దిగాం. ఆ బడి ప్రధానోపాధ్యాయులు లక్కోజు విశ్వనాథం మాస్టారు మమ్మల్ని ఎంతో ఆప్యాయంగా అందుకున్నారు. నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని, “భేషుగ్గా ఉంది” అన్నారు. తర్వాత బీరువాలో పెట్టి తాళం వేశారు.

బీరువాలో నాకు మంచి పొరుగే దొరికింది. గుడ్డలో చుట్టిన భూతద్దం, ఎవరి జ్వరమూ ఎరగని థర్మామీటరు, ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చున్న అయస్కాంతాలు, ముక్కలుగా విప్పి చూపించే ప్లాస్టిక్ గుండె. పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకోవాలని ఎవరో పంపిన సరంజామా అది. ఆ గుండెను విప్పినవాడు లేడు. మాస్టారి లెక్కలో విప్పని గుండే మంచి గుండె.

ఆయన చెడ్డవారని కాదు. వాడితే వస్తువు అరిగిపోతుంది, అరిగిపోతే పైవాళ్ళు అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి? ఇదీ ఆయన భయం. అయినా ఆరోగ్య పాఠం వచ్చిన రోజు మాత్రం పిల్లల్ని వరసగా నిలబెట్టి బీరువా తెరిచేవారు.

“ఇదిగో సబ్బు. అన్నానికి ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక దీంతో చేతులు కడుక్కోవాలి. అందరూ చూశారా?”

“చూశాం సార్!”

మళ్ళీ తాళం. మనుషుల చేయి తగలక నేను ఎంతో శుభ్రంగా ఉండేదాన్ని.

బీరువా తలుపుకు తుప్పు తిని ఒక చిల్లు పడింది. అందులోంచి నాకు వరండా కనబడేది. అక్కడ నీలం డ్రమ్ము, డ్రమ్ములో మంచినీళ్ళు, పక్కనే ఒక స్టీలు గ్లాసు. దాహం వేసినవాళ్ళు గ్లాసుతో పాటు చేతిని కూడా మణికట్టు దాకా ముంచి, తాగి, మిగిలినవి మళ్ళీ డ్రమ్ములోనే పోసేవారు. మనుషులు నీళ్ళను అంత పొదుపుగా వాడతారని నాకు అప్పుడే తెలిసింది.

వానలు మొదలయ్యాక బడిలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తరగతులు సగం ఖాళీ. ఒక పాపకు ఆస్పత్రిలో సెలైను కూడా ఎక్కించాల్సి వచ్చింది. పాప కోలుకుంది గానీ ఊరికి కోపం తగ్గలేదు. ఆ కోపం తిన్నగా వెళ్ళి వంటమనిషి బంగారమ్మ మీద పడింది. భర్త పోయాక కూతుర్ని పెంచుకుంటూ ఆ బడి పొయ్యినే నమ్ముకున్న మనిషి ఆమె.

ఒక శనివారం తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షుడు గేదెల సూర్యం నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎండన పడి వచ్చారేమో, అందరూ ముందు డ్రమ్ము దగ్గరకెళ్ళి గటగటా నీళ్ళు తాగారు. మాస్టారూ వాళ్ళకు తోడుగా ఒక గ్లాసు తాగి, మీసం తుడుచుకుని, అందరి ముందూ బంగారమ్మను పిలిచారు.

“చూడమ్మా, సోమవారం నుంచి నువ్వు రావద్దు. ఇంకొకరిని చూసుకుంటాం.”

“నానేటి సేసినాను బాబూ? నా కూతురూ ఆ అన్నమే తింటంది గదా!”

“వొండినోలిది తప్పు కాపోతే తిన్నోలిదేటి?” అన్నాడు సూర్యం.

బంగారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిల్లులోంచి చూస్తున్న నాకు ఏం చేయాలో తోచలేదు. సబ్బుకు కాళ్ళుంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

అప్పుడు హేమసుందరి టీచరు ముందుకు వచ్చింది. ఈ మధ్యనే బదిలీ మీద వచ్చి, సైన్సు చెబుతోంది.

“సార్, ఒక్క మాట. మీ మీసం మీద ఏదో మెరుస్తోంది.”

పిల్లలు కిసుక్కుమన్నారు. నిజంగానే మాస్టారి నెరిసిన మీసం మీద బంగారు చుక్కలు తళతళలాడుతున్నాయి. సూర్యం నవ్వబోయాడు. తీరా చూస్తే అతని పెదాలు అంతకన్నా ఎక్కువగా మెరుస్తున్నాయి.

“పొద్దున ముగ్గురు పిల్లలు మరుగుదొడ్డి నుంచి వస్తుంటే ఆపాను సార్. వాళ్ళ చేతులకు కొబ్బరినూనెలో కలిపిన బంగారు రంగు చెమ్కీ పొడి రాసి, రోజూలాగే ఆడుకోమన్నాను. ఆ చేతులు ఎక్కడెక్కడికి వెళ్ళాయో ఒకసారి చూద్దామా?”

ఇక ఊరేగింపు బయలుదేరింది. ముందు టీచరు, వెనక మాస్టారు, ఆ వెనక కమిటీ, చివర బడి అంతా. తలుపు గొళ్ళెం మీద చెమ్కీ. సుద్దముక్క మీద చెమ్కీ. డ్రమ్ములోకి తొంగి చూస్తే నీళ్ళ మీద దీపావళే. గ్లాసు అంచు వడ్డాణంలా ఉంది. వరండాకు ఎదురుగా ఉన్న వంటగదిలోకి వెళ్ళారు. బంగారమ్మ ఒక్కొక్క గిన్నె మూతా తనే తీసి చూపించింది. అన్నంలో లేదు, పప్పులో లేదు, గరిటె మీదా లేదు.

“ఈ చెమ్కీ మన కంటికి కనబడింది, దొడ్డి మురికి కనబడదు. అంతే తేడా సార్” అంది టీచరు.

మాస్టారి చేయి మెల్లగా మీసం మీదికి వెళ్ళింది. తన మీసం మీదికి అది ఏ దారిన వచ్చిందో అప్పుడు అర్థమైంది ఆయనకు. సూర్యం ఓలమ్మో అంటూ గోడవారకు పరిగెత్తి తుపుక్కు తుపుక్కుమని ఉమ్మడం మొదలుపెట్టాడు.

మాస్టారు బకెట్లో నీళ్ళతో మూతి కడిగారు. చెమ్కీ మీసం నుంచి బుగ్గకు జరిగింది. బుగ్గ కడిగితే కళ్ళజోడెక్కింది.

“ఉత్త నీళ్ళకు పోదు సార్, జిడ్డు కదా. సబ్బు కావాలి.”

“సబ్బా? ఇప్పుడు సబ్బు ఎక్కడుంది?”

“బీరువాలో ఉంది సార్! మీరు చూపించారు కదా!” అని బడి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

మాస్టారు తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నారు. బీరువా తెరిచి, నన్నే అందుకుని, కాగితం చింపారు. ఆ చిరుగు చప్పుడు నాకు సన్నాయిలా వినబడింది. నీళ్ళు తగిలాయి. అంతవరకూ నాలో నురగ ఉందని నాకే తెలియదు! మాస్టారి మూతి మీద నేను తెల్లగా పొంగిపోయాను. ఆయన తర్వాత సూర్యం, అతని తర్వాత పిల్లలు. ఆ ఒక్క పూటకే నా నుదుటి ముద్ర చెరిగిపోయింది. పోనీ, ఆ ముద్ర ఎవరికి కావాలి?

సందడి సద్దుమణిగాక మాస్టారు వంటగది గుమ్మం దగ్గర నిలబడి గొంతు తగ్గించారు. “అమ్మా, సోమవారం... మామూలుగా వచ్చెయ్యి.”

బంగారమ్మ కదలలేదు. “రావద్దన్న మాట అందరి ముందూ అన్నారు బాబూ. రమ్మన్నదీ అందరి ముందే అనండి.”

మాస్టారి ముఖం నా రంగుకు తిరిగింది. తర్వాత వరండాలోకి వచ్చి గంట కొట్టించారు. “బంగారమ్మ తప్పేమీ లేదు. తొందరపడింది నేను. సోమవారం నుంచి ఆవిడే వండుతుంది” అన్నారు. చివరి వరసకూ వినబడేలా పెద్దగానే అన్నారు. సూర్యం తల గోక్కుంటూ, “డ్రమ్ముకి కుళాయి నానెట్టిస్తాను” అన్నాడు.

“వత్తాను బాబూ” అంది బంగారమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “మీ సెవి మీద ఇంకో సుక్క ఉంది, కడుక్కోండి.”

ఆనాటి నుంచి బీరువాకు తాళం పడలేదు. పిల్లలు గుండెను విప్పారు, బిగించారు, మళ్ళీ విప్పారు. అందులో ఒక ముక్క ఇప్పటికీ దొరకలేదు. మాస్టారు దాన్ని ఇంకా వెతుకుతూనే ఉన్నారు. భూతద్దం కింద తమ గోళ్ళను తామే చూసుకుని పిల్లలు హడలిపోతున్నారు. నన్ను పాత సాక్సులో వేసి కుళాయికి కట్టారు. ఆ సాక్సు ఎవరిదో నాకు తెలుసు, మాస్టారి మర్యాద కోసం చెప్పను.

ఇప్పుడు నేను చింతగింజంత ఉన్నాను. ఈ మధ్యాహ్నం ఒకటో తరగతి పిల్ల, ఒళ్ళంతా మట్టితో, సాక్సు అడుగుదాకా పిండి నన్ను అరచేతిలోకి తీసుకుంది. నాలుక బయటపెట్టి, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, శ్రద్ధగా రుద్దింది. నేను కరుగుతున్నాను. నొప్పి లేదు.

చేతులు కడుక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసుకుంది. ఆ వాసన నేనే. తర్వాత ఆ చేతులతోనే పళ్ళెం పట్టుకుని బంగారమ్మ పెట్టే అన్నానికి పరిగెత్తింది.