పదికి ఆరు

"ఎలా ఉంది ఇవాళ?" అని మొగుడు తడిబట్టలు ఆరేస్తూ అడిగినప్పుడల్లా ఆమె చెయ్యి దానంతటదే నడుం మీదికి వెళ్లిపోయేది. "అలాగే ఉందండీ." పచ్చి అబద్ధం! పొట్ట దగ్గర చర్మం కింద అరచేతిలో పట్టేంత పంపు పెట్టారు. అది సన్నటి గొట్టంతో మందును కొద్దికొద్దిగా వెన్నులోకి పంపిస్తోంది. ఎనిమిదేళ్ల నొప్పి చేత్తో తీసేసినట్టు పోయి రెండు నెలలైంది.

ఆ ఎనిమిదేళ్లూ ఆ నడుంతోనే వండింది, తోమింది, ఉద్యోగానికీ వెళ్లింది. "ఏ ఆడదానికి లేదమ్మా నడుంనొప్పి?" అనేది అత్తగారు. "టీవీ చూసేటప్పుడు రాదేం?" అని నవ్వేవాడు మొగుడు. పొట్ట కోసి మిషను పెట్టాక గానీ ఎవరూ నమ్మలేదు. నమ్మాక మాత్రం ఇల్లంతా తలో చెయ్యి వేసింది. నొప్పి పోయిందని తెలిస్తే చీపురు మళ్లీ ఆమె చేతికే వస్తుంది మరి!

అలాగని సుఖంగా కూర్చుందా అంటే అదీ లేదు. డెబ్బై దాటిన అత్తగారు వణికే వేళ్లతో కూరగాయలు తరుగుతుంటే ప్రాణం చివుక్కుమనేది. ఛీ, దొంగమొహందాన్ని, అని తనను తానే తిట్టుకుని లేవబోయేది. "కూర్చోవే తల్లీ, నేను చేస్తాగా" అనేది అత్తగారు. ఎన్నేళ్లకి విన్న మాట! కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ కూర్చునేది.

పంపులో మందు నింపించుకోవాల్సిన రోజు మొగుడే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ సూదితో మందు నింపి, "నొప్పి పదికి ఎంత?" అంది.

"ఆరు" అంది ఆమె తలెత్తకుండా.

"ఇంకా ఆరా? అయితే మోతాదు పెంచుతాను." డాక్టరమ్మ రిమోటులాంటిది పొట్టకి ఆనించి, మొగుడివైపు తిరిగింది. "కాస్త కనిపెట్టుకుని ఉండండి. మరీ మగతగా ఉన్నా, ఊపిరి మందగించినా వెంటనే తీసుకురండి."

ఆమె గబుక్కున డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు, పెంచకండి! నొప్పి లేదు. రెండు నెలలుగా అసలు లేదు."

మొగుడు నోరు తెరుచుకుని చూశాడు. ఆమెకి సిగ్గుతో ముఖం మండిపోయింది. "తప్పు చేశానండీ. అత్తయ్యగారి చేత కూడా చాకిరీ చేయించాను. క్షమించండి."

అతను కోప్పడలేదు. "పిచ్చిదానా, ఇంత మంచి కబురు దాస్తారా ఎవరైనా?" అని హాయిగా నవ్వేశాడు. "పోనీలే. రేపట్నుంచి వంటిల్లు నీదే."

"సగం" అంది ఆమె.

"సగమేంటి? నొప్పి లేదన్నావుగా!"

"మీకూ లేదుగా."