మేకులు కొట్టిన పై కిటికీలు

బావ కట్టించిన భవనాన్ని తనే పరీక్షించాల్సి రావడం ఇంజినీరమ్మకు మింగుడు పడలేదు. బంధుత్వం ఉందని ఆఫీసులో రాసిచ్చింది. వేరే మనిషి లేడు, వెళ్ళి రమ్మన్నారు.

కాలనీ వాళ్ళందరి కోసం కట్టిన హాలు అది. ఏసీలు అక్కర్లేదు, వేడిగాలి పై కిటికీల్లోంచి దానంతటదే పోతుంది, కరెంటు సగానికి సగం మిగులుతుంది అని ప్రారంభం నాడు బావ మైకు పట్టుకుని గంటసేపు చెప్పాడు. ఇప్పుడు మీటరు చూస్తే అంచనాకు రెట్టింపు కాలుతోంది. ఆఫీసు గదిలో రెండు ఏసీలు, హాల్లో నాలుగు. ఏసీ లేని కుట్టు గదిలో ఆమె థర్మామీటరు పెట్టింది. బయట ముప్ఫై ఒకటి, లోపల ముప్ఫై ఆరు. తలెత్తి చూసింది. పై కిటికీలన్నింటికీ మేకులు కొట్టేసి ఉన్నాయి.

"ఇవెవరు మూయించారు బావా?"

"నేనే. పావురాలు దూరి గోడలన్నీ పాడు చేస్తున్నాయి. అది కూడా రాసుకుంటావా?"

"రాసుకోవాలి. జాలీ కొట్టిస్తే సరిపోయేదిగా!"

"నిన్నగాక మొన్న నా ఇంట్లో కూర్చుని చదువుకున్న దానివి, నాకు పాఠాలు చెప్తున్నావా?"

ఆమె ముఖం జేవురించింది. అదే గదిలో బట్టలు కత్తిరిస్తున్న కుట్టు టీచరు కత్తెర బల్లమీద పడేసి లేచింది.

"చెమటకి బట్టల మీద మరకలు పడుతున్నాయని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాం. విన్నారా మీరు?"

నిచ్చెన తెచ్చుకుని, పటకారుతో టీచరే మేకులు పీకింది. బావ కింద నిలబడి అరుస్తూనే ఉన్నాడు. గంట తిరిగేసరికి గదిలో ముప్ఫై రెండు.

"నీ థర్మామీటరు పాడైంది," అన్నాడాయన.

ఇంజినీరమ్మ రెండో థర్మామీటరు తీసి ఆయన చేతికే ఇచ్చింది. ఆయన దాన్ని చూడకుండానే బల్లమీద విసిరి పోయాడు.

ఉన్నది ఉన్నట్టు రాసి ఆమె సంతకం పెట్టింది. సాయంత్రం అక్క ఫోను.

"నువ్వు రాసింది నిజమేనా?"

"నిజమేనక్కా."

"సరే. కొన్నాళ్ళు ఇటు రాకు."

వారం తిరక్కుండా కిటికీలకు జాలీలు వచ్చాయి. ఆ ఆలోచన తనదేనని బావ ఊరంతా చెప్పుకున్నాడట. కుట్టు టీచరే ఫోన్ చేసి ఆ మాట చెప్పి నవ్వింది. ఇంజినీరమ్మకు నవ్వు రాలేదు.