తొంభై తొమ్మిది డిగ్రీలు

జమున డిగ్రీ మూడేళ్లూ కరీంనగర్‌లో చదివింది గానీ, ఒక్కనాడు కూడా బీకరు కింద మంట పెట్టిన పాపాన పోలేదు. కాలేజీకి ల్యాబు ఉండేది, ల్యాబుకు తాళం ఉండేది. సీనియర్ల రికార్డు తెచ్చుకుని అందులోని రీడింగులు తమ రికార్డులోకి దించుకోవడాన్నే అక్కడ ప్రాక్టికల్స్ అనేవారు. బీఈడీ కూడా అలాగే గట్టెక్కింది. డీఎస్సీ కోచింగులో బిట్లు బట్టీ పట్టింది. ఏ లోహం ఏ రంగులో మండుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది, మండుతుండగా మాత్రం చూడలేదు. ఆ చదువుకే నాలుగో ర్యాంకు వచ్చింది, సొంతూరు ఆదిలాబాద్‌లోనే సర్కారు బడిలో సైన్సు టీచరు ఉద్యోగమూ వచ్చింది.

ఆ సిగ్గు ఆమెను లోలోపల తినేసేది. అందుకే చేరిన రోజే ఒట్టు పెట్టుకుంది. తన పిల్లల రికార్డుల్లో వాళ్లు కళ్లారా చూసిన అంకె తప్ప మరో అంకె ఉండకూడదు.

బడిలో ల్యాబు గది నిండా మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు. ఖాళీ చేయించమని హెడ్మాస్టరు ఓంప్రకాశ్‌ను అడిగింది.

"బియ్యం ఏడ పెట్టాలె మేడం? సైన్సంటే బుక్కుల ఉండనే ఉన్నది గద," అన్నాడాయన నింపాదిగా.

జమున పిల్లలను వెంటేసుకుని బస్తాలన్నీ ఒక గోడకు జరిపించింది. తను కొనుక్కొచ్చిన థర్మామీటరుతో తొమ్మిదో తరగతికి మొదటి ప్రయోగం పెట్టింది. నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో చూడాలి. పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే రహీమ్ కూతురు మక్సూదా మూడుసార్లు చూసింది. మూడుసార్లూ తొంభై తొమ్మిదే.

"బుక్కుల వంద ఉన్నది మేడం. నాదే తప్పు పోయిందా?"

"నీది తప్పు గాదు బిడ్డా. మన ఊరు సముద్రం కంటె ఎత్తుల ఉన్నది. ఈడ గాలి ఒత్తిడి జర తక్కువ, అందుకే నీళ్లు జర ముందుగాల మరుగుతయి. నువ్వు చూసిందే రాయి."

మక్సూదా ముఖం వెలిగిపోయింది. ఆ పూట జమునకు తాను నిజంగానే టీచరునయ్యాననిపించింది.

పదిరోజుల తర్వాత తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. బల్ల మీది రికార్డుల్లో పైనున్నది తీశాడు. అది మక్సూదాదే.

"నీళ్లు తొంభై తొమ్మిదికి మరుగుతయా? ఎవరు చెప్పిండ్రు?"

మక్సూదా భయపడలేదు. "నేనే చూసిన సార్. మనది ఎత్తు మీదున్న ఊరు, గాలి ఒత్తిడి తక్కువుంటది. మా మేడం చెప్పింది." అని జమున వైపు తిరిగింది.

అధికారి కూడా తిరిగాడు. ఓంప్రకాశ్ గొంతు సవరించుకుని నేల చూపులు చూశాడు. జమునకు ప్రొబేషన్ ఇంకా ఏడాదిన్నర ఉంది. జవాబు నాలుక చివరే ఉంది, పిల్ల చెప్పిందానికి అవునంటే చాలు.

"పొరపాటు పడ్డది సార్. దిద్దిపిస్త," అంది.

"కొత్త గదా, పోను పోను అదే వస్తది," అని అధికారి పెద్దమనసు చేసుకుని టీ తాగడానికి వెళ్లాడు.

మక్సూదా రికార్డు అందుకుంది. తొంభై తొమ్మిదిని కొట్టేసి పక్కన వంద వేసింది. ఎందుకని ఒక్క మాట అడిగినా జమున ప్రాణం కుదుటపడేది. తనమీద తనకే అసహ్యం వేసింది. రేపు విడిగా పిలిచి చెప్పుకుందామనుకుంది. రేపు కాస్తా వారమైంది, పిలవనే లేదు.

తర్వాతి ప్రయోగం లోలకం. పిల్లలు కిటికీ ఊచకు దారం కడుతున్నారు. రాయి ఇంకా దారానికి ఎక్కనేలేదు, మక్సూదా రికార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. పట్టికలో గడులన్నీ నిండి ఉన్నాయి.

"గైడుల చూసి రాసిన మేడం. గీసారి తప్పు పోదు."

జమున ఒక్కొక్క అంకే చూసుకుంటూ పోయింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎర్ర పెన్ను తీసి టిక్కు పెట్టింది, కింద సంతకం చేసింది.