కుర్చీ: కూర్చున్నారు

మా అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. ముప్పై ఏళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నాక ఆ తేడా మాకే గుర్తుండదు. ఆవిడకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి. ఇక నడవాలి. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి ఒకటే మాట చెప్పింది.

"రోజుకి నాలుగైదుసార్లు లేచి తిరగాలమ్మా. ఈ రెండు నెలల్లో తిరగకపోతే కాలు ఇలాగే బిగుసుకుపోతుంది. తర్వాత నేనొచ్చినా లాభం ఉండదు."

ఆ మాట అక్క తలకెక్కింది గానీ, ఆవిడ కొడుక్కి ఎక్కలేదు. వాడి చెవుల్లో ఇంకా అమ్మ పడ్డ చప్పుడే ఉంది. ఇంటినిండా సెన్సార్లు పెట్టించాడు. వీధి తలుపుకొకటి, వంటింటి కిటికీకొకటి, గదిలో అమ్మ కూర్చునే కుర్చీలో మెత్త కింద పలచటి పట్టీ ఒకటి. అవన్నీ చెప్పేది వంటింటి గుమ్మం పక్కన, గోడకి బిగించిన చిన్న తెర మీద కనిపిస్తుంది. వీధి తలుపు: మూసి ఉంది. కుర్చీ: కూర్చున్నారు. మొదట్లో నేను కూడబలుక్కుని చదివేదాన్ని. వారం తిరిగేసరికి అటు చూపు పడితే చాలు, తెలిసిపోయేది.

అక్క లేస్తే "ఖాళీ" అని పడుతుంది, అక్కడ వాడి ఫోనూ మోగుతుంది. పడిన నిమిషానికి ఆఫీసు నుంచి ఫోను.

"పిన్నీ, అమ్మ ఎందుకు లేచింది?"

"కాళ్లున్నాయి గనక లేచింది నాయనా."

"సాయంత్రం నేనొచ్చి నడిపిస్తానన్నాను కదా. ముందు కూర్చోబెట్టు."

సాయంత్రం వాడు అలిసిపోయి వచ్చేవాడు. చంక కింద చెయ్యి వేసి, ఆవిడ బరువంతా తనే మోస్తూ హాల్లో రెండు చుట్లు తిప్పేవాడు.

"వీడు నన్ను నడిపించట్లేదే," అనేది అక్క వాడు అటు వెళ్లాక. "బీరువాని జరుపుతున్నాడు."

అలా మూడు వారాలు పోయాయి. ఆవిడ మోకాలు అప్పుడే మొరాయిస్తోంది.

ఇంతలో వంటింటి కిటికీ సెన్సార్ పాడైంది. గొళ్లెం వేసి ఉన్నా "తెరిచి ఉంది" అని తెర గోల. మెకానిక్ వచ్చి చూసి, కొత్తది తేవడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు. అంతవరకు ఎలాగంటే, తెర మీద ఆ వరసని వేలితో నొక్కి పట్టుకున్నాడు. తెరిచి ఉంది, మూసి ఉంది అని రెండు మాటలొచ్చాయి. రెండోది నొక్కాడు. గోల ఆగింది. ఆ వరస పక్కన చిన్న చెయ్యి బొమ్మ వచ్చింది.

"ఇప్పుడు సెన్సార్ మాట వినదమ్మా, మీ మాటే వింటుంది. ఆ చెయ్యి మీద నొక్కి మీరు తీసేసేదాకా అదే మాట మీద ఉంటుంది."

అతను వెళ్లాక నేనూ అక్కా మొహాలు చూసుకున్నాం.

"కుర్చీకి కూడా అలా చెప్పొచ్చా?" అంది అక్క.

చెప్పొచ్చు. నేనే నొక్కాను. "కుర్చీ: కూర్చున్నారు", పక్కన చెయ్యి. అక్క వాకర్ పట్టుకుని లేచింది. ఇద్దరం ఫోన్ వంక చూస్తూ నిలబడ్డాం. మోగలేదు.

మొదట్లో నడక అవగానే చెయ్యి తీసేసేదాన్ని. రోజుకి ఐదుసార్లు పెట్టడం, తియ్యడం ఎందుకని తర్వాత పొద్దున వాడు వెళ్లగానే పెట్టి, వాడొచ్చే ముందు తీసేదాన్ని. పది రోజుల్లో అక్క నా భుజం ఆసరా లేకుండా వీధి తలుపుదాకా వెళ్లి వచ్చింది. మోకాలు వంగుతోంది. నేను పక్కన లేకుండా మటుకు లేవనని మాటిచ్చింది. ఆ మాట ఎంతకాలం నిలబెట్టుకుంటుందో నాకు తెలియాల్సింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ మందులూ, కూరలూ తేవడానికి వెళ్లాను. షాపులో ఆలస్యమైంది. తిరిగొచ్చి సంచితో వంటింట్లోకి పోతూ అలవాటుగా తెర వంక చూశాను. కుర్చీ: కూర్చున్నారు. సరే, కూర్చుంది కదా అనుకుని కూరలు సర్దాను. పప్పు నానబెట్టాను. మిక్సీ వేశాను. మిక్సీ ఆపాక వినపడింది, నీరసంగా, "ఒసేవ్" అని.

నడవాలో గోడకి చేరగిలబడి, కాళ్లు చాపుకుని నేల మీద ఉంది. వాకర్ పక్కకి పడి ఉంది. ఫోను కుర్చీలోనే వదిలేసింది. ఆవిడ పడి ముప్పావుగంట అయింది. అందులో పావుగంట నేను ఇంట్లోనే, పది అడుగుల దూరంలో ఉన్నాను. అబద్ధం చెప్పింది నేను, చదివి నమ్మిందీ నేనే.

ఎముకకేం కాలేదు. జారి కూలబడింది, లేవలేకపోయింది, అంతే. పక్కింటావిడ సాయంతో లేపి కూర్చోబెట్టాను.

"వాడికి చెప్పకు," అంది అక్క. "చెప్తే నన్ను ఈ కుర్చీకి మేకులు కొట్టేస్తాడు."

"రేపు నిజంగా పడితే?"

"ఈరోజు అబద్ధంగా పడ్డానా?"

ఆవిడతో వాదించలేదు. వాడు చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను. భోజనం దాకా ఆగితే నోరు రాదని నాకు తెలుసు. వాడు తెర దగ్గరకి వెళ్లి, ఆవేళ నేను తియ్యకుండా ఉంచిన ఆ చెయ్యి బొమ్మ చూశాడు. దాన్ని నొక్కి తీసేశాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"పంతొమ్మిది రోజులు."

"ఫోను రాకపోతే అమ్మ నా మాట వింటోందనుకున్నాను."

"మీ నాన్న కూడా అలాగే అనుకుంటూ వెళ్లిపోయారు," అంది అక్క.

వాడు నవ్వలేదు. "నిన్ను చూసుకునే కదా పిన్నీ నేను ఆఫీసుకి వెళ్తున్నాను. రేపట్నుంచి మనిషిని పెడతాను. అమ్మని లేవనివ్వకుండా చూడ్డమే ఆవిడ పని."

"లేపడం తప్పు కాదురా," అన్నాను. "నీకు చెప్పకుండా లేపాను, అది తప్పు. ఒంటరిగా వదిలి వెళ్లాను, అది ఇంకా తప్పు. ఆ రెండిటికీ నన్ను తిట్టు. ఆవిడ కాలికి శిక్ష వెయ్యకు."

అక్క వాకర్ దగ్గరకి లాక్కుంది. వాడు పరిగెత్తబోయాడు.

"అక్కడే ఉండు. చేతులు చాపకు, భయమేస్తుంది."

లేచింది. వాడి జేబులో ఫోను మోగింది. వాడు దాన్ని తియ్యలేదు, అదే మోగి మోగి ఆగింది. ఆవిడ హాలు దాటి వీధి తలుపుదాకా వెళ్లి, చెక్క తాకి, తిరిగి వచ్చింది. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది. అప్పుడు వాడి చేతులు వాటంతటవే లేచి, మళ్లీ కిందికి దిగాయి. వాడు ఆవిడ నడక చూడడం అదే మొదటిసారి. ఇంతకాలం మోయడమే గాని చూడలేదు.

మనిషిని పెట్టే మాట మళ్లీ ఎత్తలేదు. మెకానిక్‌ని పిలిపించి, కుర్చీ ఖాళీ అయిన వెంటనే కాకుండా పది నిమిషాలు దాటితే ఫోను వెళ్లేలా చేయించాడు. ఆ ఫోను వాడికీ, నాకూ ఇద్దరికీ వస్తుంది. తన ఫోను మెడలో సంచీలో వేసుకుని తిరగడానికి అక్క ఒప్పుకుంది. చెయ్యి బొమ్మ జోలికి పోనని నేను ఒప్పుకున్నాను.

"పది చాలవు," అంది అక్క. "గుమ్మంలో పక్కింటావిడ కనపడితే పలకరించొద్దా? అరగంట పెట్టించు."

"పదిహేను."

"పాతిక."

ఇరవై దగ్గర తెగింది.