వస్తాదు పట్టు

నీళ్ళు గోడగడియారం దాకా వచ్చిన వరద ఉంది చూడండి, దాని తర్వాతి ఏడు జరిగింది ఇది. ఇళ్ళల్లో పేరుకున్న బురద ఎత్తీ ఎత్తీ జనానికి నడుములు పట్టేశాయి. నాచు పట్టిన మెట్ల మీద జారి కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళు కొందరు. అందరూ వస్తాదు హాలుకే వచ్చారు.

వస్తాదు ఒకప్పుడు బరువులెత్తినవాడు. వయసు మళ్ళాక ఆ హాల్లోనే, మంచాన పడ్డవాళ్ళని లేపి నడిపించడం పనిగా పెట్టుకున్నాడు. మనిషి నడుముకి వెడల్పాటి బెల్టు కడతాడు. వెనక నిలబడి రెండు చేతులతో దాన్ని పట్టుకుంటాడు. "నడు" అంటాడు. అంతే. అతని చేతిలోంచి ఇంతవరకు ఒక్క మనిషి జారి పడలేదు. ఆ ఒక్క పేరు మీదే హాలు నడుస్తోంది.

వాళ్ళక్క కూడా అక్కడే, హాలు వెనక గదిలో ఉంటోంది. పక్షవాతం వచ్చి ఎడమ పక్క చచ్చుబడింది. ఆవిడ సొంత గది మేడ మీద. ఎత్తుకెళ్తానంటే ఒప్పుకోదు.

"మూటలా పైకి రాను. నా కాళ్ళతో ఎక్కితే ఎక్కుతాను, లేకపోతే ఈ కిందే పోతాను" అంటుంది.

రేపు మెట్లు మొదలుపెడదామని వస్తాదు మాటిచ్చాడు. పని ఒక్కడికి ఎక్కువైపోయింది గనక ఆరోజే హాలుకి ఒక మనిషిని పెట్టుకుందామని పిలిపించాడు. ఇద్దరొచ్చారు.

పనికొచ్చినవాళ్ళ సర్టిఫికెట్లు వస్తాదు చూడడు. గేటు దగ్గర్నుంచి రోగిలా కుంటుకుంటూ వస్తాడు. "నాకేమైందో చెప్పు" అంటాడు. మోకాలని ఒకరంటారు, తుంటి అని ఒకరంటారు. వాళ్ళని అటునుంచి అటే పంపేస్తాడు. నటన అని కనిపెట్టినవాళ్ళకే పని.

ముందు వచ్చినవాడు జబ్బలు చొక్కాలో పట్టని కండలరాయుడు. రెండడుగులు చూసి పకపకా నవ్వాడు.

"మీకేంటి గురువుగారూ, గుండ్రాయిలా ఉన్నారు! నాటకాలాడుతున్నారు."

వస్తాదు మీసాల్లో నవ్వుకున్నాడు. "అలా కూర్చో."

రెండో మనిషి ఫిజియో చదివిన అమ్మాయి. సన్నగా, రెపరెపలాడుతూ ఉంది.

"గాలొస్తే ఈ పిల్లని మనమే పట్టుకోవాలిరా" అంది అక్క కుర్చీలోంచి.

అమ్మాయి నవ్వలేదు. వస్తాదుని ఇంకోసారి నడవమంది. మళ్ళీ నడవమంది. గొంతుక్కూర్చుని చూసింది. ఆమె చూపు కాళ్ళ మీద లేదు.

"కుంటడం నటన" అంది చివరికి.

"శభాష్."

"కుడి చెయ్యి ఎందుకు ఊపడం లేదు?"

"ఊపుతున్నానే."

"ఎడమది ఊగుతోంది. కుడిది ఒంటికి అతుక్కుపోయింది. అదీ నటనేనా, సార్?"

వస్తాదు తన చేతివైపు చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యిలా ఉంది.

"బొటనవేలికి చూపుడువేలు తాకించండి. గబగబా."

ఎడమ చేత్తో టకటకా చేశాడు. కుడి చేత్తో బాగానే మొదలుపెట్టాడు. పోనుపోను వేళ్ళు దగ్గరకొచ్చేశాయి. ఆనక తుప్పు పట్టిన గొళ్ళెంలా బిగుసుకున్నాయి. హాల్లో ఓ రోగి తొక్కుతున్న కసరత్తు సైకిలు చప్పుడు ఆగిపోయింది.

"చొక్కా గుండీలు పెట్టుకోడానికి కష్టంగా ఉంటోందా?" అందామె మెల్లగా.

ఈమధ్య గుండీలు విప్పకుండానే చొక్కా తలమీదుగా తీస్తున్నాడు వస్తాదు. ఎవరికీ చెప్పలేదు. తనకి తను కూడా చెప్పుకోలేదు.

"లేదు" అన్నాడు.

"జబ్బు పేరు నేను చెప్పకూడదు, డాక్టరు చెప్పాలి. త్వరగా వెళ్ళండి. అప్పటిదాకా మాత్రం మీరొక్కరే ఎవర్నీ పట్టుకోవద్దు. వీధి చివర మందుల షాపు పైనే ఉంటాను. పనిచ్చినా ఇవ్వకపోయినా పిలవండి, వస్తాను."

"సరేనమ్మా. కబురు చేస్తాను" అన్నాడు. ఆమె గేటు దాటకముందే కండలరాయుణ్ణి పనిలో పెట్టుకుని, హాలు తాళాలు చూపించడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఆ పిల్ల మాట నీకు ముల్లులా గుచ్చుకుంది" అంది అక్క.

"ఇలాంటివాళ్ళు కొండనాలుకకి మందేసి ఉన్న నాలుక ఊడగొడతారక్కా."

"పొగిడితే పొంగిపోయే రకానివి. చిన్నప్పట్నించీ అంతే."

సాయంత్రం అక్కని నడిపించడానికి కండలరాయుడు బెల్టు అందుకోబోతే వస్తాదు లాక్కున్నాడు. "అక్కని నేనే పట్టుకుంటాను. నువ్వు చూడు."

ఇనప కడ్డీల మధ్య అక్క నడిచింది. చివరికొచ్చి తిరుగుతుంటే ఎడమ మోకాలు మడతపడింది. అలాంటప్పుడు వస్తాదు చేతులు ఆలోచించవు, వాటంతటవే బిగుస్తాయి. ఆరోజు ఎడమది బిగుసుకుంది. కుడిది తెరుచుకునే ఉండిపోయింది. అక్క పక్కకి ఒరిగి, మంచి చేత్తో కడ్డీ పట్టుకుని వేలాడింది. వస్తాదు ఒంటిచేత్తో ఆమెని కుర్చీలోకి లాగాడు.

"ఏం కాలేదు, ఏం కాలేదు! భలే పట్టారు గురువుగారూ" అన్నాడు కండలరాయుడు.

అక్క ఊపిరి కూడదీసుకుంది. వాణ్ణి నీళ్ళు తెమ్మని పంపించింది.

"నన్ను వదిలేశావురా."

"బెల్టు జారింది."

"బెల్టు జారితే నాకు తెలీదా? నా నడుమే కదా అది. నీ చెయ్యి రాలేదు."

వస్తాదు కడ్డీ తుడుస్తూ ఉండిపోయాడు.

"రేపు ఆ పిల్ల పక్కనుంటేనే మెట్లు. లేకపోతే ఎక్కను. పిలుస్తావా?"

"పిలుస్తాను."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టక్కా."

మరుసటి పొద్దున వస్తాదు అందరికంటే ముందు లేచి వీధి చివరికి వెళ్ళాడు. మందుల షాపు ఇంకా తీయలేదు. పైన కిటికీలో దీపం వెలుగుతోంది. లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. పిలిస్తే పలికేంత దూరం. మెట్ల కింద నిలబడ్డాడు. ఆమె వస్తుంది. వచ్చి, బెల్టు తను పట్టుకుంటుంది. హాల్లో అందరూ చూస్తారు. రేపట్నుంచి ఎవరు నడుము తిప్పి అతనికి అప్పగిస్తారు? వెనక్కి తిరిగి వచ్చేశాడు.

"వేరేచోట చేరిపోయిందట" అన్నాడు అక్కతో, మొహం చూడకుండా.

అక్క తలెత్తి మెట్లవైపు చూసింది. మేడ మీద తన గది తలుపు తీసి ఉంది. అక్కణ్ణుంచి ఎండ పై మెట్ల మీద పడుతోంది.

"పోనీలే. ఎన్నాళ్ళని ఈ కింద కూర్చుంటాను. లేపు."

వస్తాదు ఆమె నడుముకి బెల్టు కట్టాడు. వెనక్కి వెళ్ళి, పాత తువ్వాలు చింపిన పీలిక జేబులోంచి తీశాడు. కుడి మణికట్టుని బెల్టుకి చుట్టి, పళ్ళతో ముడి బిగించాడు. వెనకనున్నాడు గనక అక్కకి కనపడదు. కండలరాయుడికి కనపడింది.

"ఏం ఎత్తు గురువుగారూ! ఇంక ఊడమన్నా ఊడదు" అన్నాడు వాడు. అక్క వింటుందేమోనని వస్తాదు కళ్ళు ఉరిమాడు.

"ఏమిట్రా ఊడదంటున్నాడు?"

"ఏం లేదక్కా. నడు."

అక్క కమ్మీ పట్టుకుని కుడికాలు మొదటి మెట్టు మీద పెట్టింది. ఎడమకాలు లాక్కుంది. ఆమెకి కట్టేసుకున్న చేత్తో వస్తాదు వెనకే ఎక్కాడు.