బానెట్ మూసి నడుపు

"ఎక్కేది కొండ కదక్కా, బ్రేకులెందుకు? కొండే ఆపుతుంది," అన్నాడు మా తమ్ముడు, ఏదో గొప్ప మాట సెలవిచ్చినట్టు చుట్టూ చూసి.

చుట్టూ ఉన్నది నేనూ, వాడి భార్యా, గ్యారేజ్‌లో లిఫ్ట్ మీద నా ఎర్ర కారూ. ముగ్గురిలో ఎవరమూ నవ్వలేదు.

అది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. వయసులో నాకంటే చిన్నది, మొండితనంలో నాతో సమానం. ఇరవై ఏళ్లకు పైగా నేను స్కూలు బస్సు నడిపాను. వేగం నలభై దాటబోతే తన గొంతు తనే నొక్కేసుకునే బస్సు. వెనక పిల్లలు "స్పీడుగా పోనివ్వండి ఆంటీ" అని గోల పెడుతుంటే, పక్కనుంచి ప్రతి అడ్డమైనవాడూ దాటిపోతుంటే, పళ్లు బిగబట్టుకుని నడిపాను. రిటైరైన రోజున ఇక హాయిగా కూర్చోమన్నారు ఇంట్లో అందరూ. కూర్చున్నాను, ఈ కారు కొనుక్కుని ఇందులో.

ఏడాదికోసారి మోటారు క్లబ్బు వాళ్లు కొండ దారి మూసేసి కార్లను ఒక్కొక్కటిగా పైకి వదులుతారు. ఒక్కో కారుకు రెండు పరుగులు, ఎవరికెంత సమయం పట్టిందో చూస్తారు. ఈ ఆదివారం ఆ దారిలో నా కారును నేనే నడపాలి. నాకు కావలసింది అదొక్కటే. అదే చాలామందికి మింగుడుపడలేదు.

సూపర్‌చార్జర్ తమ్ముడి గ్యారేజ్‌లోనే బిగించాం. ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, బెల్టుతో తిరుగుతూ ఇంకాస్త గాలిని బలవంతంగా లోపలికి తోసే యంత్రం అది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి కాబట్టి పెద్ద పంపు, పెద్ద ఇంజెక్టర్లు వేశాం. అంత బలానికి పాత క్లచ్ జారిపోతుందని దాన్నీ మార్చాం. ఇంతవరకూ గొడవ లేదు. ఆదివారం లోపల ఇంకో రెండు పనులకే వ్యవధి ఉంది, పేచీ అక్కడే మొదలైంది.

వాడికి చిన్న పుల్లీ కావాలి. బెల్టు తిరిగే ఆ చక్రం చిన్నదైతే సూపర్‌చార్జర్ ఇంకా జోరుగా తిరిగి ఇంకా గాలి తోస్తుంది. దాంతోపాటు, ఊరు ఉలిక్కిపడేలా అరిచే సైలెన్సర్ కావాలి. నాకేమో, తోసినప్పుడు వేడెక్కే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కావాలి. మంచి బ్రేకులు కావాలి.

"మలుపు ముందు ఆపేది కొండా, నువ్వా?" అన్నాను.

"బ్రేకులు భయస్తులకక్కా."

"ఒరేయ్, బస్సు నిండా పిల్లల్ని వేసుకుని జోరు వానలో పల్లం దిగినదాన్ని. భయం గురించి నాకు పాఠాలు చెప్పకు."

"వదిన చెప్పేది కాస్త వినండి," అంది మరదలు, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే. ఇంజిన్‌కు ఎప్పుడెంత పెట్రోలు అందాలన్న లెక్కలన్నీ ఆమెవే. వాడు ఎవరి మాటా వినలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి చిన్న పుల్లీ బిగించేసి ఉంది. నాతో మాట మాత్రం చెప్పలేదు. కారును పరీక్ష చేసే రోలర్ల మీదికి ఎక్కించి, బానెట్ ఎత్తి, ముందు మనిషంత ఫ్యాన్ పెట్టాడు. ఆ గ్యారేజ్‌లో మా నాన్న కాలం నుంచీ పద్ధతి అదే. బానెట్ తెరిచి, ఫ్యాన్ వేసి, పొద్దుటి చల్లదనంలో పరీక్షించడం, ఇంజిన్ బలమెంతో చెప్పే అంకెను గోడ మీద రాసుకోవడం. గోడ నిండా అలాంటి అంకెలే. వాడు యాక్సిలరేటర్ తొక్కాడు, కారు గర్జించింది, తెర మీద వచ్చిన అంకె చూసి ఎగిరి గంతేశాడు.

"చూశావా! క్లబ్బు వాళ్ల నోళ్లు మూతపడాలి. నేను నడుపుతున్నానని చెప్పేశా కూడా."

"ఎవరు నడుపుతున్నారని?"

"నేనే. నువ్వు పైన నీడలో కూర్చుని చూద్దువు గాని. నీ వయసులో ఇంత పవర్ పట్టుకోలేవక్కా."

అరికాలి మంట నెత్తికెక్కింది. వాడితో మాటలు అనవసరం అనిపించింది. వెళ్లి బానెట్ ధబేలున మూశాను. ఫ్యాన్ ప్లగ్గు పీకేశాను.

"ఏం చేస్తున్నావ్?"

"కొండ మీదికి బానెట్ ఎత్తుకుని పోతావా? ఫ్యాన్ నెత్తిన పెట్టుకుని పోతావా? ఇప్పుడు నడుపు."

నడిపాడు. మొదటిసారి అంకె బాగానే వచ్చింది. రెండోసారి తగ్గింది. మూడోసారి ఇంజిన్ లోపల ఎవరో రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడైంది.

"ఆపండి!" అని అరిచింది మరదలు. "లోపలికెళ్లే గాలి కాగిపోయింది. ఇంకాస్త తొక్కితే పిస్టన్లు పోతాయి."

వాడి మొహం మాడిపోయింది. అయినా తగ్గలేదు. "కొండ మీద గాలి తగులుతుందిలే."

"లైన్లో నిలబడ్డప్పుడు తగలదు. ఎండలో, అన్ని కార్ల వెనకాల," అన్నాను.

"నా గ్యారేజ్, నా పద్ధతి. నచ్చకపోతే నువ్వే బిగించుకో."

"బిగించుకుంటా. తప్పుకో."

సాయంత్రానికి కాళ్లబేరానికి వస్తాననుకున్నాడు. నేను చిన్న పుల్లీ ఊడదీసి వాడి టేబుల్ మీద పెట్టి, పాతదే మళ్లీ వేశాను. స్పానరు పట్టుకుని నాతోపాటు కారు కిందికి దూరింది మరదలు.

"మీ ఆయన అలుగుతాడే," అన్నాను.

"అలగనివ్వండి వదినా. వంట ఆయనకీ వచ్చు."

ఇంటర్‌కూలర్ పెట్టాం, బ్రేకులు మార్చాం. బానెట్ మూసి పరీక్షించాం. వచ్చిన అంకె గోడ మీది వాటి ముందు చిన్నబోయింది. కానీ ఎన్నిసార్లు తొక్కినా అదే అంకె వచ్చింది. నాకు అది చాలు.

ఆదివారం లైన్లో నా వంతు వచ్చేసరికి ఎండ మండిపోతోంది. అప్పుడు వచ్చాడు తమ్ముడు, చంకలో హెల్మెట్‌తో.

"దిగక్కా. బోర్డు మీద నా పేరుంది."

జెండా పట్టుకున్నాయన కూడా వచ్చాడు. "డ్రైవరు ఈయనేగా? త్వరగా కానివ్వండి."

నేను ఇంజిన్ ఆపేశాను. తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాను.

"కారు నాది. నేను నడిపితేనే కదులుతుంది. లేదంటే ఇక్కడే ఉంటుంది. మీ పోటీ అంతా దీని వెనకే ఆగిపోతుంది."

వెనక హారన్లు మొదలయ్యాయి. "ఆంటీ, ఇదేం ఆటలాడుకునే చోటు కాదు," అని అరిచాడొకడు.

"ఆటే బాబూ. నా వంతొచ్చింది, ఆడనివ్వు."

పైకి నవ్వుతూ అన్నాను గానీ లోపల ఒళ్లు మండుతోంది. జీవితమంతా ఎవరో ఒకరు నాకు వేగం కొలిచి ఇచ్చారు. ఇవాళ సీటు కూడా కొలిచి ఇస్తామంటే ఊరుకోబుద్ధి కాలేదు.

తమ్ముడు కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు. "అందరి ముందూ పరువు తీయకక్కా."

"నీ పరువు ఎక్కడుందో నాకు తెలీదురా. నా సీటు మాత్రం ఇక్కడుంది."

వాడు పెళ్లాం వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. హారన్లు పెరిగాయి. చివరికి వాడు జెండా ఆయన వైపు తిరిగి, "పేరు మార్చండి. మా అక్క," అన్నాడు. సగం మాట నోట్లోనే మింగేశాడు. అయినా ఆయనకు వినబడింది.

జేబులోంచి తాళం తీసి ఇంజిన్ స్టార్ట్ చేశాను. జెండా ఊగింది. తొక్కాను. సూపర్‌చార్జర్ ఈల వేసింది, నా వీపు సీటుకు అతుక్కుపోయింది. మొదటి మలుపు మీదికి దూసుకొస్తుంటే ఇంకా తొక్కే ఉంచాను, ఇంకా, ఇంకా, అప్పుడు బ్రేకు వేశాను. నేను చెప్పిన మాట కారు విన్నది. ఆ మలుపు దాటాక గొంతు చించుకుని కేక పెట్టాను. ఇన్నేళ్లలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. దారి పక్కన రెండు కార్లు బానెట్లెత్తుకుని పొగలు కక్కుతూ కనిపించాయి. పొద్దున లైన్లో అందరికంటే గట్టిగా అరిచినవి అవే.

మొదటి స్థానం రాలేదు. వచ్చిన స్థానానికి నేనేమీ సిగ్గుపడలేదు.

రెండో పరుగు కోసం కిందికి దిగేసరికి తమ్ముడు ఎదురొచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. ఒక్కో చక్రం దగ్గరా కూర్చుని కొత్త బ్రేకులు పరిశీలించాడు. లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఈసారి నాకివ్వక్కా. ఒక్కసారే. నీలాగే నడుపుతా."

జాలేసింది. నా తమ్ముడే కదా, వాడి కళ్లలో ఆ ఆశ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. దిగిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"నువ్వూ ఒక కారు కొనుక్కోరా. దగ్గరుండి నేనే బిగించి పెడతా," అన్నాను. బెల్టు బిగించుకుని కారును లైన్లోకి పోనిచ్చాను.